ఒకే బోరెం మచ్చు

ఆదోని, 4 ఫిబ్రవరి 1982

కర్నూలు పెద్ద డాక్టరు ఇంద్రసేనయ్యకు, ఆదోని దూది దలాలి కరీం సాబ్ ఇంకొకరితో రాయించకుండా తన చేత్తోనే రాసి పంపే సలాం.

నా భార్య కుల్సుంబీకి నెల దినాలుగా దగ్గు. ఊరికి కొత్తగా వచ్చిన శారదమ్మ డాక్టరు రొమ్ముకు ఎక్స్‌రే ఫోటో తీయించమని చీటీ ఇచ్చింది. తీయించినాము. ఆ పిల్ల మందివ్వకుండా ఫోటోను బస్సులో నీకు పంపింది. నువ్వు ఆడ కూర్చుని క్షయ అన్నావంట. రెండు నెలలు దూరపు ఆస్పత్రిలో పెట్టమన్నావంట. మనిషిని చూడలేదు, చెయ్యి పట్టలేదు. టపాలో ఈత నేర్చుకున్నోళ్ళు బాయిలో దిగితే ఏమవుతారో నాకు తెలుసు.

ఆ ఆస్పత్రికి పోయిన మా వీధి మనిషి తిరిగి రాలేదు. అప్పటి నుంచి కుల్సుంబీ మనవరాలిని దగ్గరికి రానీయడం లేదు. బిడ్డ తలుపు అవతల ఏడుస్తాంది, ఈమె ఇవతల ఏడుస్తాంది. నిజం చెప్పు.

ఇట్లు, ఎవరికీ తల వంచని
కరీం సాబ్

మళ్ళీ రాసేది: అక్షరాలు వంకరని నవ్వొద్దు. నువ్వు రాసిన మందు చీటీ శారదమ్మ చూపింది. దాని ముందర నావి ముత్యాలు.


కర్నూలు, 8 ఫిబ్రవరి

కరీం సాబ్ గారికి నమస్కారాలు.

శారద నా శిష్యురాలు. చదువు ముగిసినా పాఠం ముగియలేదు. వారం వారం ఫోటోలు, వాటిలో తాను కనిపెట్టినది రాసి బస్సులో పంపుతుంది. నేను తప్పులు దిద్ది పంపుతాను. దూరాన పనిచేసే డాక్టర్లు ప్రతిదానికీ ఇక్కడికి పరుగెత్తుకు రాలేరు కదా. మీరూ బోరెం బస్తా అంతా విప్పకుండా పిడికెడు దూది మచ్చు చూసే ధర కడతారు. నాకు ఆ ఫోటో అలాంటి మచ్చు. ఎడమ ఊపిరితిత్తిలో మరక ఉంది. మొదట్లోనే దొరికింది, తప్పక నయమవుతుంది.

ఒక్క సంగతి. ఆమెకు మెడ కింద ఎడమ ఎముక ఎప్పుడో విరిగి వంకరగా అతుక్కుంది. సంసారంలో కోపతాపాలు ఉంటాయి. ఎలా విరిగిందో దాచకుండా రాయండి.

మీ మేలు కోరే
ఇంద్రసేనయ్య

తా.క.: ముత్యాలు బాగున్నాయి. రెండు మాత్రం చదవలేకపోయాను. అందులో ఒకటి నా పేరు.


ఆదోని, 12 ఫిబ్రవరి

డాక్టరుకు సలాం. ఈసారి సగమే.

పెండ్లాన్ని కొట్టినానంటావా? ముప్పై ఏండ్ల కాపురంలో నేను చెయ్యి ఎత్తలేదు. ఎత్తింది ఆమె, అదీ పండుగ పూట, గరిటెతో. నీ ఉత్తరం చదివి వినిపిస్తే, "నన్ను కొట్టే ధైర్యం ఈయప్పకు యాడుంది?" అని నవ్వింది. ఎన్ని దినాలకు నవ్వింది! నవ్వి, మళ్ళీ ఆస్పత్రికి బట్టల మూట కట్టుకోను పోయింది.

ఆ ఎడమ చేత్తోనే రుబ్బురోలు తిప్పుతుంది. శారదమ్మను ఇంటికి పిలిచి ఎముక చూడమన్నాను. తడిమి చూసింది, నీకు ఉత్తరం రాయాలని బిరబిరా పోయింది. నీ పాఠంలో అది కూడా ఉందా?

ఇట్లు, కోపంగా
కరీం సాబ్

మళ్ళీ రాసేది: మచ్చు సంగతి మాత్రం సరిగ్గా చెప్పినావు. మనిద్దరికీ కుదిరింది అదొక్కటే. నేను చేసింది కూడా అదే.


కర్నూలు, 15 ఫిబ్రవరి

కరీం సాబ్ గారికి, తల వంచి నమస్కారం.

క్షమించండి. శారద రాసింది, మీ భార్య ఎముక చక్కగా ఉందని. ఫోటో చూశాక మనిషిని కూడా చూడమని ఆమెకు నేనే నూరిపోశాను. ఈసారి శిష్యురాలు గురువును దిద్దింది. ఆ ఫోటో మీ భార్యది కాదు. ఆమెకు ఇంకొకటి తీయించండి. అందాకా మూట కట్టడం ఆపమనండి.

కానీ నాకు నిద్ర పట్టడం లేదు. క్షయ ఉన్న మనిషి ఎవరో మందు లేకుండా తిరుగుతున్నారు. ఆ రోజు ఫోటో గది దగ్గర ఎవరెవరున్నారో గుర్తు తెచ్చుకోండి. ఫోటోలు ఎలాగో మారిపోయాయి.

ఇంద్రసేనయ్య

తా.క.: గరిటె దెబ్బకు ఫోటో అక్కరలేదు. ఉప్పు కాపడం చాలు.


ఆదోని, 20 ఫిబ్రవరి

డాక్టరప్పకు నిండు సలాం.

ఫోటోలు మారలేదు. అది నా బామ్మర్ది పీరా సాబ్‌ది. యెమ్మిగనూరులో మగ్గం నేస్తాడు. కుల్సుంబీ, "పరాయి మగాని ముందర రవిక ఇప్పను, సంపినా ఇప్పను," అనింది. ఆయన దగ్గుతాండాడు, ఈమె దగ్గుతాంది. ఇద్దరూ ఒకే తల్లి బిడ్డలు. ఒకే బోరెం దూదికి మచ్చు ఏ మూల నుంచి తీస్తేనేమి అని ఆయన్నే నిలబెట్టినాను. ఫోటో తీసినోడు చీటీ చూసినాడు, మనిషిని చూడలేదు. ఎప్పుడో చిన్నప్పుడు ఉరుకుంద తిరునాళ్ళకు పోయి వస్తా బండి మీది నుంచి పడినాడు పీరా. ఆ ఎముక అదే.

శారదమ్మ అందరినీ బయటికి పంపి, తానే దగ్గరుండి కుల్సుంబీకి ఫోటో తీయించింది. ఒక్క మరకా లేదు, మేలు రకం దూది మాదిరి ఉందంట. ఆ దగ్గు నా పంచెలు దులిపేటప్పుడు లేచే దూది నుసికి వచ్చిందంట. ఇప్పుడు నా బట్టలు నేనే వాకిట్లో దులుపుకుంటాండాను, వీధంతా చూస్తాంది. మూట విప్పింది. మనవరాలు ఆమె ఒడి దిగడం లేదు.

పీరాకు మందు మొదలైంది. తానుగా అయితే రక్తం పడేదాకా డాక్టరు మొహం చూసే మనిషి కాదు. శారదమ్మ నీకు రాస్తానంటే, నేను రాసినంక రాయమని ఆపినాను. ఆ పిల్లకు ఈత వచ్చిందప్పా, ఇంక బాయిలోకి దించొచ్చు.

ఇట్లు, ఈ ఒక్కసారికి తల కొంచెం వంచిన
కరీం సాబ్

మళ్ళీ రాసేది: శారదమ్మ చీటీలో పేరు మార్చింది. అయినా ఆస్పత్రిలో "కుల్సుంబీ" అని ఎవరిని పిలిచినా పీరానే లేచి నిలబడతాండాడు.