ఎడమ తలుపు

చిరంజీవి తమ్ముడికి,

అక్క ఆశీస్సులు. నువ్వు, మరదలు, పాప కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ అందరం క్షేమం అని రాయడం నాకు అలవాటు. ఈసారి కూడా రాశాను. రాసి కొట్టేశాను. కొట్టివేతతో ఉత్తరం మొదలుపెట్టడం ఇష్టం లేక కాగితం మార్చాను. నేను క్షేమమే. మీ బావ కాదు.

నీ ఉత్తరం బుధవారం అందింది. మూడు సంగతులు అడిగావు. మూడింటికీ జవాబు రాస్తాను. నెమ్మదిగా చదువు. నెమ్మదిగా రాయడానికే నేను ఆదివారం దాకా ఆగాను.

వానలు బాగా పడుతున్నాయి. ఆసుపత్రిలో మా రికార్డుల గది పైకప్పు కారి నాలుగు కట్టల పాత కేసు షీట్లు తడిశాయి. నేనూ గుమాస్తా ఒక్కో కాగితం విడదీసి ఫ్యాను కింద ఆరబెట్టాం. ఒక్కటి కూడా పోలేదు. "మీ చేతిలో పడ్డ కాగితం చావదు మేడమ్" అన్నాడతను. రెండు వారాల కిందటి మాట అది. ఇప్పుడంటే ఒప్పుకోలేను. ఎందుకో తర్వాత రాస్తాను.

బావ ఎలా ఉన్నారని అడిగావు. కారు తాళం గుమ్మం పక్క మేకుకి తగిలించి నేటికి యాభై రెండు రోజులు. పనుంటే బస్సులో వెళ్తున్నారు. ముప్పై ఒక్క ఏళ్ళు బస్సు నడిపిన మనిషి, ముందు సీటు ఖాళీగా ఉన్నా చిట్టచివరికి పోయి కూర్చుంటున్నారు. ఎందుకండీ అంటే "ముందు కూర్చుంటే డ్రైవరు చేతులు కనబడతాయి" అన్నారు.

పొద్దున పలహారం దగ్గర మొదలుపెడతారు.

"మార్కెట్టు వెనక సందులో ఆ రోజు తోపుడు బండి పక్కగా పోయాం చూడు, ఏమైనా శబ్దం వినబడిందా నీకు?"

"లేదండీ."

"సరిగా ఆలోచించి చెప్పు."

"ఆలోచించే చెబుతున్నాను."

మర్నాడు ఇంకో సందు. ఆ కారులో నాలుగు నెలలు తిరిగిన ప్రతి మలుపునూ మనసులో మళ్ళీ నడుపుతున్నారు. కళ్ళు పరీక్ష చేయించుకున్నారు. డాక్టరు "నా చూపు కంటే మీ చూపే మేలు" అంటే, ఇంటికొచ్చి "మర్యాదకి అన్నాడులే" అన్నారు.

పోయిన ఉత్తరంలో నీకు సగమే రాశాను. కారు ఇబ్బంది పెడుతోందని, మీ బావే ఎక్కడో తగిలించారని షోరూమువాళ్ళు అంటున్నారని, వాళ్ళేదో కాగితం మీద సంతకం అడుగుతున్నారని రాశాను. నువ్వు బెంగపడతావని మిగతాది దాచాను. ఆ మిగతాది ఇది. వంతెన దిగి మలుపు తిరుగుతుంటే నా పక్క తలుపు దానంతట అది తెరుచుకుంది. సీటు బెల్టు పెట్టుకున్నాను కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను. మీ బావ బండి పక్కకి తీసి ఆపి, ఇటు వచ్చి, నా భుజం పట్టుకుని చాలాసేపు నిలబడ్డారు. "నిన్ను పడేసేవాణ్ణే" అన్నారు. బండిని అటు నుంచి అటే మెల్లగా షోరూముకి తీసుకెళ్ళారు.

షోరూములో మేనేజరు టై సవరించుకుంటూ వచ్చి, ఒక కన్ను మూసి తలుపు సందు చూసి లేచాడు.

"దెబ్బ తగిలింది సార్. తలుపు చట్రం వంగింది. చక్రం కూడా పక్కకి లాగుతోంది. ఎక్కడో ఆనించి ఉంటారు."

"నేను ఆనించలేదు."

"తెలిసి ఎవరు ఆనిస్తారు సార్? ఈ వయసులో మలుపుల దగ్గర అంచనా తప్పడం సహజం. మా నాన్నగారికీ అంతే, గేటు స్తంభం మూడుసార్లు కొట్టేశారు." నవ్వాడు. "దెబ్బకి వారంటీ వర్తించదు. అయినా మీరు పెద్దవారు. బండి తీసుకున్న తర్వాతే దెబ్బ తగిలిందని ఉన్న ఈ కాగితం మీద సంతకం పెట్టివ్వండి, మా మంచితనం కింద బాగుచేసి ఇస్తాం."

కారు రేకులు సరిచేసే డెంటింగు మేస్త్రిని ఇంటికి పిలిపించి చూపించాను. కారులో కాళ్ళ కింద పరచిన తివాచీ ఎత్తి, వేలితో తట్టి చూశాడు. "దెబ్బ నిజమే. కానీ ఎప్పుడు తగిలిందో రేకు చెప్పదమ్మా" అన్నాడు. ఆ మాటతో మీ బావ ఇంకా కుంగిపోయారు. సంతకం పెట్టేస్తానంటున్నారు. రేపు కాక వచ్చే సోమవారం గడువు. "ముప్పై ఒక్క ఏళ్ళకి ఒకటి జరిగింది అనుకుంటాను" అన్నారు. ఆ ఒక్కటీ లేకుండానే ఆయన ఉద్యోగం దిగారు, నీకు తెలుసు. ఆఖరి రోజు డిపోలో అందరూ చప్పట్లు కొడుతుంటే వెనక నిలబడి ఈల వేసింది నువ్వే.

ఆ మనిషి గురించి నువ్వు రాసిన వాక్యం ఇది: "బావకి వయసు మీద పడుతోంది కదక్కా, అంచనా తప్పి ఉంటుంది, పౌరుషానికి పోకుండా సంతకం పెట్టేయమను." నాలుగుసార్లు చదివాను. ఒక్క అక్షరం కూడా వంకర పోలేదు.

నీ రెండో ప్రశ్న. మీ ఆఫీసులో ఎవరో డెమో కారు కొనాలనుకుంటున్నారు, ఏమేం చూసుకోవాలి అని. చెబుతాను. దగ్గర కూర్చోబెట్టుకుని చదివి వినిపించు.

అది కొత్త కారు కాదని ముందు ఒప్పుకోమను. తళతళలాడుతుంది, కొత్త వాసన కూడా వస్తుంది, సీటు మీద కవరు కూడా ఉంటుంది. కానీ కొందామని వచ్చినవాళ్ళు, ఊరికే సరదాకి వచ్చినవాళ్ళు, గేరు వేయడం సరిగా రానివాళ్ళు, వందమంది దాన్ని తొక్కి పోయి ఉంటారు. వాళ్ళలో ఒక్కరిదీ కాదది. మీటరులో తొమ్మిది వేలే ఉందని మనకి చూపించారు. మీ బావ క్లచ్ మీద కాలు పెట్టగానే "ఇది తొమ్మిది వేలు తిరిగిన క్లచ్ కాదు, చాలా కాళ్ళు చూసింది" అన్నారు. "మీది బస్సు కాలు బావా, దానికి ఏ క్లచ్ ఆనుతుంది?" అని నవ్వించింది నువ్వు. ఆయనా నవ్వి ఊరుకున్నారు.

వారంటీ మనం తాళం తీసుకున్న రోజు నుంచి లెక్కపెట్టరు. షోరూము తన పేరున రిజిస్టరు చేయించిన రోజు నుంచి లెక్క. మనం ఎక్కేసరికే పదకొండు నెలలు కరిగిపోయాయి. కాగితాల్లో మనం రెండో యజమానులం. ఇవి ఎవరూ దాచలేదు, అడగలేదు కాబట్టి చెప్పలేదు. ధర తగ్గిస్తారు, నిజమే. ఎందుకు తగ్గిస్తున్నారో అడిగి, ఆ జవాబు రాయించుకోమను. ఎక్కడా దెబ్బ తగల్లేదని సంతకంతో రాసిమ్మంటే ఎవరు నసుగుతారో చూసి, నసిగితే లేచి వచ్చేయమను. షోరూము దీపాల కింద చూడొద్దు, ఎండలోకి తీయించి, పక్క నుంచి వంగి రంగు చూడమను. తలుపు సందుల్లో వేలు పోనిచ్చి, ఒకచోట ఇరుకు, ఒకచోట వెడల్పు ఉందేమో చూడమను. తన మేస్త్రిని వెంట తీసుకెళ్ళమను. టెస్ట్ డ్రైవ్ రిజిస్టరు ఒకటుంటుంది, అది అడగమను. ఇన్సూరెన్సుకి పోకుండా తమ షెడ్డులోనే బాగుచేసుకున్న దెబ్బలు ఇంకే కాగితంలోనూ కనబడవు.

అన్నిటికన్నా ముఖ్యంగా, ఆ కారు కొనమని సలహా ఇచ్చినవాణ్ణి ఎదురుగా నిలబెట్టి ఒక్క మాట అడగమను: "నువ్వు దీన్ని నడిపావా?"

ఇక నీ మూడో ప్రశ్న. ఉత్తరం చివర, పాప చదువు సంగతి అయ్యాక, తోచినట్టు రాశావు. "ఎడమ తలుపు ఇప్పుడు సరిగ్గా పడుతోందా?"

ఎడమ తలుపని నేను రాయలేదు, తమ్ముడూ. అసలు తలుపనే రాయలేదు.

ముందు నా మతిమరుపే అనుకున్నాను. తర్వాత మనం కారు తెచ్చుకున్న రోజు కళ్ళ ముందుకు వచ్చింది. మీ ట్రైనింగు కోసం మూడు వారాలు మా ఇంట్లో ఉన్నావు కదా, అప్పటి మాట. "ఇన్నేళ్ళూ యాభై మందిని వెనకేసుకు తిరిగాను, ఇవాళ ఒక్కత్తెనే ఎక్కించుకుంటాను, టిక్కెట్టు అడగను" అన్నారు మీ బావ. "మరి నేను బావా?" అంటే "నువ్వు ఫుట్‌బోర్డు" అన్నారు. అందరం నవ్వాం. నువ్వు నాకు తలుపు తీశావు. తీసి, వేసి, మళ్ళీ తీసి, మళ్ళీ వేసి చూశావు. అక్కకి మర్యాద చేస్తున్నావనుకున్నాను.

గురువారం భోజన విరామంలో షోరూముకి వెళ్ళాను. మేనేజరు లేడు. కౌంటరులో అమ్మాయిని పాత టెస్ట్ డ్రైవ్ రిజిస్టర్లు చూడొచ్చా అని అడిగాను. "కింది అరలో ఉన్నాయి ఆంటీ, చూసుకోండి" అని ఫోను ఎత్తుకుంది. ఇరవై ఆరేళ్ళుగా నా పని అదే కాబట్టి ఎక్కువసేపు పట్టలేదు. నువ్వు మా ఇంట్లో ఉన్నప్పటి ఒక మంగళవారం తేదీ. మన కారు నంబరు. నీ పేరు, నీ లైసెన్సు నంబరు, నీ సంతకం. చివరి అక్షరం తోక వెనక్కి తిప్పి కింద గీత గీస్తే పెద్దవాడి సంతకంలా ఉంటుందని ఎనిమిదేళ్ళప్పుడు నీకు నేర్పింది నేనే. పక్క గడిలో వేరే చేతిరాత: "సెల్లారు స్తంభానికి ఎడమ వైపు కొట్టారు. తలుపు, చక్రం. మన షెడ్డులో చేయించాలి."

మంగళవారం కొట్టావు. శుక్రవారం మా ఇంట్లో కంచం ముందు కూర్చుని "అక్కా, షోరూములో ఒక డెమో కారుంది, కొత్తదానికీ దీనికీ తేడా లేదు, బావ కోరిక తీరుతుంది" అన్నావు. ఆ మూడు రోజుల్లో వాళ్ళు నీతో ఏమన్నారో, నువ్వేం ఒప్పుకున్నావో నాకు తెలియదు. ఊహించను. నువ్వే చెప్పాలి.

స్తంభానికి కొట్టినందుకు కాదు నా కోపం. చెయ్యి ఎవరికైనా తప్పుతుంది. బాగుచేశారు కదా, ఇక ఫరవాలేదనుకుని మాకు ఆ కారు కొనమని చెప్పి ఉంటావు, అది కూడా మింగుతాను. కానీ ఆ దెబ్బ ఆయనది కాదని తెలిసి, తెలిసి కూడా, వయసు అన్నావు చూడు. అంచనా తప్పిందన్నావు చూడు. ఆ మేనేజరు తన ఉద్యోగం కోసం అన్నాడు. నువ్వు ఆయన చేతి వంట తిని, ఆయన బస్సు బానెట్టు మీద కూర్చుని పాఠాలు చదువుకుని, ఆయన కొనిచ్చిన చెప్పులతో మొదటి ఉద్యోగానికి పోయి, అన్నావు. నా నోట శాపం రాకూడదని పెదవి కొరుక్కుంటున్నాను. నీకు పాప ఉంది. అందుకని.

ఇప్పుడు నా సంగతి.

ఆ పేజీ చింపేశాను. కుట్టు వెంట వేలితో తడి చేసి లాగితే చప్పుడు కాదు. పని తెలిసిన చేతికి అదీ తెలుసు. ఒకప్పుడు మా ఆసుపత్రిలో ఒకతను ఒక కేసు షీటు చింపితే, అతని మీద ఫిర్యాదు రాసింది నేను. అతని ఉద్యోగం పోయింది. అదే పని నేను చేశాను. మీ బావని కాపాడే కాగితం అదొక్కటే. నేను దాన్ని మడిచి సంచిలో పెట్టుకున్నది ఆయన కోసం కాదు. నీ పేరు ఎవరి కంటా పడకూడదని. చింపుతున్నప్పుడు నాకు ఆయన ముఖం గుర్తే రాలేదు, నీ ముఖమే. చిన్నప్పుడు పక్కింటి రేడియో నువ్వు పగలగొడితే నేనే పగలగొట్టానని చెప్పాను. అప్పుడు దెబ్బలు నాకు పడ్డాయి. ఈసారి ఆయనకి పడనిచ్చాను.

ఆ పేజీ, షోరూము ఇచ్చిన సంతకం కాగితం, రెండూ నా ప్రార్థన పుస్తకంలో ఉన్నాయి. నిన్న మీ బావ "ఆ కాగితం ఎక్కడైనా చూశావా?" అని అడిగారు. "లేదండీ" అన్నాను. ముప్పై ఏళ్ళలో ఆయనతో నేనాడిన మొదటి అబద్ధం. తర్వాత ప్రార్థనకి కూర్చున్నాను. పుస్తకం తెరవలేకపోయాను.

ఈ ఉత్తరం నీకు బుధ, గురువారాల్లో అందుతుంది. వచ్చే ఆదివారం పొద్దుటి బస్సుకి రా. గుమ్మం పక్క మేకు మీద తాళం ఉంటుంది. దాన్ని తీసి ఆయన చేతిలో పెట్టి, జరిగింది నీ నోటితో చెప్పు. నేను వంటింట్లో ఉంటాను. నీ పక్కన నిలబడను, నీకు మాట అందించను.

రాకపోతే, సోమవారం పొద్దున టీ గ్లాసు పక్కన ఆ పేజీ పెడతాను. నేను ఏమీ చెప్పనక్కర్లేదు. నీ సంతకం ఆయనకీ తెలుసు. మధ్యాహ్నం ఇద్దరం షోరూముకి వెళ్ళి, చింపింది నేనేనని చెప్పి, పేజీ వాళ్ళ ముందు పెడతాం. ఆసుపత్రిలో కూడా చెబుతాను. ఆ తర్వాత నా ఉద్యోగం వాళ్ళ ఇష్టం.

పాపకి ముద్దులు. చలిగాలి తగలనివ్వకండి.

ఇట్లు,
మీ బావగారి భార్య