గ్రేస్ పెట్టిన ‘అండి’

4 నవంబర్ 2025, మంగళవారం
పెళ్లి చేసుకుందామా అని గ్రేస్‌కి మెసేజ్ పెట్టాను. జవాబు: ఆలోచించి ఆదివారం చెప్తానండి.
అండి! రెండేళ్లుగా ‘నువ్వు’ అంటున్న మనిషి. అండి అంటే దూరం. అండి అంటే గుడ్‌బై. ఎందుకని అడుగుతూ పదకొండు మెసేజ్‌లు పెట్టాను. పన్నెండోది, మర్యాద మాటల వెనక దాక్కున్న భూస్వామ్యం మీద. బ్లూ టిక్ పడింది. అంతే.

5, బుధవారం, ఉదయం 11
బుర్ర ఆగడం లేదు. ఏలూరు బస్టాండులో కరపత్రం ఒకటి దొరికింది: ‘పరిగెత్తే మనసుకు మూడు చూపులు’. నాలుగుసార్లు చదివాను. సైంటిఫిక్‌గా రాశారు.
మొదటి చూపు: పక్షిలా పైనుంచి మనల్ని చూసుకోవాలి. మా చేపల చెరువు గట్టు మీద నిలబడి, నన్ను నేను కొల్లేటి గూడబాతు అనుకున్నాను. కింద బోలెడు చేపలు, ఫోన్ మీద అరుస్తున్న ఎర్రచొక్కా ఒకటి. పక్షి ధ్యాసంతా చేపల మీదే. నామీద లేనే లేదు. ఒళ్లు మండింది.

6, గురువారం
రెండో చూపు: మన గురించి వేరే మనిషిలా చెప్పుకోవాలి. ‘వాడు కంగారు పడుతున్నాడు’ అన్నాను. ఎవడ్రా వాడు? నన్ను వాడు అనడానికి నేనెవణ్ణి? పది నిమిషాలు నాతో నేనే గొడవపడ్డాను. ‘అతను’ అని చూశాను. పోలీసు రిపోర్టులా ఉంది. చివరికి ‘ఆయన కంగారు పడుతున్నారండి’ అన్నాను. వెంటనే జాలేసింది. పాపం, పెద్దాయన! మనసు కుదుటపడింది. సిద్ధాంతం సంగతి తర్వాత చూసుకోవచ్చు.
వంటింట్లోంచి అమ్మ, ఎవర్రా ఆ కంగారు పడేది, పాస్టరు గారా అని అడిగింది. కాదు, వేరే ఆయన అన్నాను. అయ్యో, ప్రార్థనలో పెట్టిస్తానుండు అంది.

8, శనివారం
మూడో చూపు: ఎదుటివాళ్ల కళ్లతో చూడాలి. గ్రేస్ కళ్లతో నా పన్నెండు మెసేజ్‌లూ చదివాను. నేనైతే బ్లాక్ చేసేవాణ్ణి.
‘సారీ’ అని ఒక్కటి పెట్టాను. రెండోది పెట్టకుండా ఫోన్‌ని బియ్యం డబ్బాలో పడేశాను.

9, ఆదివారం
చర్చిలో పాస్టరు గారు అమ్మ ఇచ్చిన చీటీ చదివారు: చాలా కంగారులో ఉన్న ఒక పెద్దాయన కోసం. అందరూ ఆమెన్ అన్నారు. నేను అందరికంటే గట్టిగా అన్నాను. ఆడవాళ్ల వైపు నుంచి గ్రేస్ నన్ను చూసి, చున్నీ అడ్డం పెట్టుకుని నవ్వింది.
బయట చెప్పుల దగ్గర పట్టుకుంది. మా ఇంట్లో మొగుళ్లని అందరూ ఏవండీ అనే పిలుస్తారు, నోటికి ఎలా ఉంటుందో అని ఒక్క అండి పెట్టి చూశాను, దానికి పన్నెండు మెసేజ్‌లా, మధ్యలో ఆ భూస్వామ్యం ఎవరు బాబూ అని దులిపేసింది.
అంటే సరేనన్నట్టేనా అని అడిగాను. సరేగానీ నువ్వూ నన్ను ఏవండీ అనాలి, సమానత్వం అంటావుగా అంది.

12, బుధవారం
ఏలూరులో ఆటో ఎక్కి ప్రాక్టీసు చేశాం. గ్రేస్ ఏవండీ అంది. నేనూ ఏవండీ అన్నాను.
రెండుసార్లూ డ్రైవరే పలికాడు.