గుమ్మానికి వేపాకు

కణేకల్లు,
9-2-81

ప్రియమైన మరదలు కదిరమ్మకు ఆడబిడ్డ గంగక్క దీవెనలు.

ఇక్కడ అందరం బాగున్నాం. అక్కడ ఎట్లున్నారో నువ్వు చెప్పవు, నేనే ఊహించుకోవాలి.

చీరల మూటతో ఊర్లు తిరిగే మన ఈరప్ప చేతికిచ్చి నెయ్యి డబ్బా పంపితే, మూత కూడా తీయకుండా తిప్పి పంపినావు. మా ఎనుము వెన్న నా చేత్తో కాచిన నెయ్యి అది. నా తమ్ముడు బెంగుళూరు ఆసుపత్రిలో యాభై రెండు దినాలు చావుతో కొట్లాడి వచ్చినాడు. ఎముకలు తేలినాయంట. అట్లాంటి వానికి నెయ్యి పెట్టకుంటే ఇంకేం పెడతావు, గాలి పెడతావా?

అమ్మ పోయేనాటికి జయరాముడు రెండేండ్ల వాడు. ఈ చంకలో మోసి పెంచినా. నాకు అమ్మవారు పోసినప్పుడు వానికి ఎక్కడ సోకుతుందోనని నెల దినాలు మేనమామ ఇంట్లో పెట్టించినా. ఈ పొద్దుకీ వాని ఒంటి మీద ఒక్క మచ్చ లేదు. అంత భద్రంగా పెంచి నీ చేతికిచ్చినా.

ఇంకో మాట. వచ్చే జాబులన్నీ నీ చేతిరాతే. వాడు రెండు ముక్కలు ఎందుకు రాయడు? రాయలేడా, నువ్వు రాయనియ్యవా?

ఉగాది ముందర ఇక్కడ పెద్దమ్మకు దేవర, ఊరంతా జాతర. వాడు బతికి బయటపడితే పొట్టేలు ఇస్తానని మొక్కుకున్నా. వాడు వచ్చి తలనీలాలు ఇవ్వాలి, బంధువులంతా కూర్చుని తినాలి. తోలుకొని రా.

ఇట్లు,
అడిగే హక్కున్న ఆడబిడ్డ
గంగక్క


ధర్మవరం,
16-2-81

ప్రియమైన వదినకు కదిరమ్మ కాళ్లకు మొక్కి రాస్తున్నది.

నెయ్యి తిప్పి పంపితే తిడతావని తెలుసు. కోపం కాసేపు పక్కన పెట్టి ఇది చదువు. కడుపు వెనక క్లోమం అని ఒక గ్రంథి ఉంటుందంట. మనం తిన్న కొవ్వును అరిగించేది అదే. నీ తమ్మునికి అది వాచి, కుళ్లి, చీము పట్టి, ఆ విషం నెత్తురంతా పాకింది. రెండుసార్లు కడుపు కోసి కడిగినారు. ఇప్పుడు విషం పోయింది కానీ, రోగం వస్తే ఎదిరించే బలం ఒంట్లో లేదంట. మనకు జలుబుతో పోయేది ఆయనకు ప్రాణం మీదికి వస్తుందంట.

డాక్టరు కన్నడాయన. "ఆరు నెలలు ఈయన్ని బాణంతి అనుకోమ్మా" అన్నాడు. మన బాలింతనే వాళ్లు బాణంతి అంటారు. గుంపులోకి పోకూడదు, గుంపు ఇంట్లోకి రాకూడదు. నూనె, నెయ్యి ముట్టకూడదు. ఒళ్లు వెచ్చబడితే ఆ గంటకే బెంగుళూరుకు బయలుదేరాలి.

చేయి వణుకుతుంది, అందుకే ఆయన రాయడం లేదు. మగ్గం గుంటలో దిగే మాటే లేదు. లోపల తేమ, పైగా నేసిన బట్ట చుట్టుకునే దోనె కుట్లకు ఒత్తుకుంటుంది.

దేవరకు ఈ ఏడు రాలేము వదినా. జూలై దాటితే నేనే తోలుకొని వస్తా. పెద్దమ్మ కూడా ఆడదే కదా, బాలింతను రమ్మనదు.

ఇట్లు,
నీ కోపాన్ని భరించే మరదలు
కదిరమ్మ


కణేకల్లు,
2-3-81

ప్రియమైన కదిరమ్మకు,

ప్రియమైన అని అలవాటు కొద్దీ రాసినా. మనసులో లేదు.

బాలింతంట! మీసాలున్న బాలింతను నేనెక్కడా చూడలేదు. అయినా సరే, నమ్మబోయినా. అంతలో ఈరప్ప ధర్మవరం నుంచి వచ్చి ఇట్లా చెప్పినాడు.

"అక్కా, ఆ ఇంట్లో ఏందో ఉండాది. గుమ్మానికి వేపమండలు కట్టినారు. తిరగమోత వాసనే లేదు. కదిరమ్మ నన్ను గడప దాటనీలే. లోపల అమ్మవారు అని చెయ్యి అడ్డం పెట్టె. ఈదిలో ఎవురూ ఆ పక్కకు పోతాండ్లే. మీ తమ్ముడు యాడుండాడో ఏమో, కంటికి కనపడలే."

జాబులో బాలింత అంటావు, గుమ్మంలో అమ్మవారు అంటావు. రెంట్లో ఏది నిజం? అమ్మవారే పోసుంటే నాకెందుకు రాయలేదు? పోయకుంటే ఆ తల్లి పేరు చెప్పి, తలుపు మూసి, లోపల ఏం చేస్తున్నావు?

నీ అన్న సుంకప్ప మాత్రం వారం వారం లోపలికి పోతున్నాడంట. నీవాళ్లకు అంటని అమ్మవారు మాకే అంటుతుందా? ఇల్లూ మగ్గమూ నీ పేరున రాయించుకోవడానికే ఈ నాటకమని ఇక్కడ నలుగురూ అంటున్నారు. నేనూ అంటున్నా.

ఇట్లు,
గంగక్క


ధర్మవరం,
7-3-81

ప్రియమైన వదినకు,

సుంకప్ప మందులు తెస్తాడు. బయటే సబ్బుతో చేతులు కడిగి, బట్టలు మార్చుకొని లోపలికి వస్తాడు. ఇల్లు ఎవరి పేరునా మారలేదు.

అమ్మవారి సంగతి జాబులో రాసేది కాదు. నీ తమ్ముడు బతికి ఉన్నాడు, రాగి గంజి తాగుతున్నాడు, ఆ ఒక్కటి నమ్ము. ఇప్పుడు మాత్రం రావద్దు. కాళ్లు పట్టుకుంటా వదినా, రావద్దు.

ఇట్లు,
కదిరమ్మ


కణేకల్లు,
14-3-81

కదిరమ్మకు,

రావద్దు అన్నావు చూడు, అప్పుడే నిశ్చయించుకున్నా. నా తమ్ముని ఇంటికి నన్ను రావద్దనడానికి నువ్వెవరే?

వచ్చే శుక్రవారం వస్తున్నా. మనవరాలు ఓబమ్మను కూడా తెస్తున్నా. మూడేండ్ల పసిదాని ముఖం చూసైనా తలుపు తీస్తావేమో. తీయకుంటే ఆ వేపమండలు నా చేత్తోనే పీకి లోపలికి వస్తా. అమ్మవారికి నేను చెప్పుకుంటా.

గంగక్క


ధర్మవరం,
22-4-81

ప్రియమైన వదినకు,

నెల దాటింది. ఆ శుక్రవారం పొద్దుగూకే దాకా తలుపు వెనకే కూర్చున్నా. నువ్వు కొట్టలేదు. తర్వాత జాబూ లేదు. నిన్న బోరింగు దగ్గర ఎదురింటి తిమ్మక్క దూరంగా నిలబడే చెప్పింది.

"ఆ శుక్రారం ఒకామె బిడ్డను చంకనేసుకొని మా అరుగు కాడ శానాసేపు నిలబడింది. మీ ఇంటి పక్కే చూస్తా ఏడ్సింది. నీళ్లు తాగమ్మా అంటే, దగ్గరికి రావద్దని చెయ్యి అడ్డం పెట్టి ఎనక్కి తిరిగిపాయ."

అది నువ్వే కదా? ఇంత దూరం వచ్చి గడప తొక్కకుండా పోయేంత కోపమా? ఇంక దాచను, విను.

మా ఇంట్లో అమ్మవారు పోయలేదు. ఆసుపత్రి నుంచి వచ్చిన నాడు ఆయన్ని చూడ్డానికి అరవై మంది వచ్చినారు. ఒకడు దగ్గుతూ, ఒకామె ముక్కు చీదుతూ మంచం మీదే కూర్చున్నారు. డాక్టరు వద్దన్నాడంటే, "ఏమమ్మా, మేము పరాయోళ్లమా" అన్నారు. మూడో నాటికి జ్వరం. మళ్లీ బెంగుళూరుకు మోసుకుపోయినాం. ఆ సంగతి నీకు రాయలేదు. ఇంకోసారి జ్వరం వస్తే నేనేమీ చేయలేనని డాక్టరు తేల్చి చెప్పినాడు.

మనవాళ్లు డాక్టరు మాట వినరు, అమ్మవారి మాట వింటారు. రెండోసారి ఇంటికి వచ్చిన పూటే వేపమండ విరిచి గుమ్మానికి కట్టినా. అమ్మవారున్న ఇంట్లో తిరగమోత పెట్టరు కదా, నూనె ముట్టని మా ఇంట్లో అది ఎట్లాగూ లేదాయె, అందరూ నమ్మినారు. ఈరప్ప చెవిన పడితే పదూర్లకు తెలుస్తుందని నీకూ చెప్పలేదు. కానీ ఆ తల్లి పేరుతో అబద్ధమాడినా వదినా. ఏ రూపంలో శిక్షిస్తుందోనని రోజూ భయపడి చస్తున్నా.

కింద నీ తమ్ముడు రాసినాడు. రెండు గీతలకు అరగంట పట్టింది.

అక్కా నేను బతికే ఉండా. కదిరమ్మను తిట్టొద్దు. ఆ పొద్దు ఎందుకు ఎనక్కి పోతివి?

ఇట్లు,
తప్పు ఒప్పుకున్న మరదలు
కదిరమ్మ


కణేకల్లు,
27-4-81

నా తల్లీ కదిరమ్మా,

తమ్ముని వంకర గీతలు కంటికద్దుకున్నా. వాడు అడిగినదానికి జవాబు రాస్తున్నా, చదివి వినిపించు.

ఆ శుక్రవారం కోపంతోనే వచ్చినా, దాచను. వేపాకు పీకాలనే వచ్చినా. చంకలో ఓబమ్మ దారి పొడుగునా ఏడుపే. ఎండకేమో అనుకున్నా. మీ ఎదురింటి అరుగు దగ్గరికి రాగానే ఆ మండలు కనబడినాయి. నీతో కొట్లాడ్డానికి కొంగు బిగిద్దామని ఆగినా. బిడ్డను చంక మారుస్తుంటే ఒళ్లు సలసల కాగుతోంది. గౌను పక్కకు లాగి చూసినా. మెడ కింద మూడు నీటి పొక్కులు.

నాకు తెలియని పొక్కులా అవి? నా ముఖం మీద వాటి గుంటలు ఇంకా ఉన్నాయి.

అప్పుడే కిటికీలో వాడు కనబడినాడు. కింద కూర్చుని మగ్గానికి పట్టుదారం కండెలు చుడుతున్నాడు. ఆడవాళ్లు చేసే పని చేసుకుంటూ, నీతో ఏందో అని నవ్వుతున్నాడు. నిజంగానే మీసాల బాలింత. ఎంత చిక్కిపోయినాడే! పిలిస్తే లేచి వచ్చేవాడు. జయరాముడూ అని నోటి దాకా వచ్చింది. కొంగు నోట్లో కుక్కుకున్నా. చిన్నప్పుడు సోకకుండా నెల దినాలు దాచినవాని దగ్గరికి, ముప్పై ఏండ్లు పోయినాక నేనే ఆ తల్లిని చంకనేసుకొని వచ్చినా. ఆ మండలు లేకుంటే నేను అరుగు దగ్గర ఆగేదాన్ని కాదు. నేరుగా లోపలికి వచ్చి, బిడ్డను వాని ఒళ్లో వేసేదాన్ని.

నిన్ను అనుమానించినా, నీ అన్నను అనుమానించినా, ఆ డాక్టరును కూడా అనుమానించినా. నా చంకలో ఉన్నదాన్ని మాత్రం అనుమానించలేదు.

వచ్చి మా గుమ్మానికీ వేపాకు కట్టినా. ఓబమ్మకు పొక్కులు మాడి రాలిపోయినాయి, తలకు పోసినాం, ఆడుకుంటోంది. నా చేతి కాగితం కూడా వాని దగ్గరికి రాకూడదని ఇన్నాళ్లూ జాబు రాయలేదు. దేవరకు నేనూ పోలేదు. మొక్కు వచ్చే ఏడు తీరుస్తానని ఇంట్లోనే దండం పెట్టుకున్నా.

అమ్మవారు శిక్షిస్తుందని భయపడుతున్నావు. పిచ్చిదానా, శిక్షించాలనుకుంటే ఎదురింటి అరుగు దాకా వచ్చింది కదా ఆ తల్లి! తన ఆకు కట్టిన ఇల్లు చూసి వెనక్కి తిరిగిపోయింది. నీది అబద్ధమని ఆమె అనుకోలేదు, ఇంక నువ్వూ అనుకోవద్దు.

జూలై దాకా ఆ మండలు తీయొద్దు. ఎండిపోతే పచ్చివి విరిచి కట్టు. ఎవరు వచ్చినా తలుపు తీయొద్దు. నేనే వచ్చి ఏడ్చి గోల పెట్టినా తీయొద్దు.

ఇట్లు,
నీ అక్క
గంగక్క