గొట్టం గడ్డకడితే ఖాళీ చెయ్యాలి

బీవర్ బెండ్ ట్రైలర్ పార్కు, మోంటానా
20 నవంబరు 1986

టోల్లెఫ్సన్ గారికి,

ఉభయకుశలోపరి. మీరు ఎప్పటిలాగే చలికి ముందే పార్కు మా మీద వదిలేసి అరిజోనా ఎండలోకి చేరిపోయారు. సంతోషం. వెళ్తూ వెళ్తూ గేటుకు అంటించిన కాగితం ఇప్పుడే చదివాను. "చలికాలంలో ఎవరి నీళ్ల గొట్టం గడ్డకడితే వాళ్లు వారంలో ఖాళీ చెయ్యాలి."

ముప్పై ఏళ్లు మంచులో స్కూలు బస్సు నడిపినదాన్ని, చలికి భయపడను. కానీ ఈ చక్రాల ఇంట్లో నాకిదే మొదటి చలికాలం. ఇక్కణ్ణుంచి పొమ్మంటే నాకున్న చోటు మా చెల్లెలి సోఫా ఒక్కటే. సోఫా మంచిదే. దాని పక్కనే కూర్చుని మా చెల్లెలు పొద్దస్తమానం అకార్డియన్ వాయించడం నేర్చుకుంటుంది. ఆరేళ్లుగా ఒకే పాట. అందుకని గొట్టం గడ్డకట్టకుండా ఏం చెయ్యాలో కాస్త వివరంగా రాయండి.

ఇట్లు,
లొరెట్టా ప్రూయెట్, ఏడో నంబరు

తా.క. అక్కడ కమలాపళ్లు చెట్టు నుంచే కోసుకు తింటారట కదా! ఇక్కడ నిన్న గుడ్డు పగలగొట్టడానికి నాకు సుత్తి కావలసివచ్చింది.

*

యూమా, అరిజోనా
1 డిసెంబరు

లొరెట్టా గారికి,

మీ ఉత్తరం అందింది. ఇరవై రెండేళ్లుగా పార్కు నడుపుతున్నవాణ్ణి అడిగారు, మంచి పని చేశారు. చలి ముదిరినప్పుడు కుళాయి సన్నగా కారనివ్వండి, కదిలే నీళ్లు త్వరగా గడ్డకట్టవు. ట్రైలరు కింద వాడిన నీళ్లు చేరే తొట్టికి బయటి మూత మాత్రం మూసే ఉంచండి, లేకపోతే బయటి గొట్టంలో మంచు కడ్డీ తయారవుతుంది. ట్రైలరు అడుగుకు గాలి తగలకుండా చుట్టూ గడ్డి మోపులు పేర్చండి. ఇంతకన్నా ఏమీ లేదు. చిన్నపిల్లలు కూడా చెయ్యగల పని.

ఇట్లు,
ఆర్విన్ టోల్లెఫ్సన్

తా.క. పార్కులో ఏం జరుగుతున్నా నాకు వెండెల్ రాస్తుంటాడు. మీ పక్క ట్రైలరే. చూపు చాలా చురుకు.

*

బీవర్ బెండ్
13 డిసెంబరు

టోల్లెఫ్సన్ గారికి,

నేను కుశలం, తడిగా ఉన్నాను. మీరు చెప్పినట్టే కుళాయి వదిలాను, తొట్టి మూత మూశాను. కారిన నీళ్లు చివరికి ఎక్కడికి పోవాలో మీరూ రాయలేదు, నాకూ తోచలేదు. తెల్లారి లేచేసరికి తొట్టి నిండి, స్నానాల గదిలోంచి తన్నుకొచ్చి, నా చెప్పులు నాకంటే ముందే వాకిలి దాటాయి. ఇప్పుడు రోజూ పొద్దున్నే తొట్టి ఖాళీ చేసి మళ్లీ మూస్తున్నాను. చెప్పేవాడికి వినేవాడు లోకువ అని ఊరికే అనలేదు.

గడ్డి మోపులు కూడా పేర్చాను. ఉత్తరం వైపు గడ్డి గోడను జింకలు తినేశాయి. మొత్తం అయిదు.

ఇట్లు,
లొరెట్టా

తా.క. వాకిట్లో పొంగిన నీళ్లు అద్దంలా పేరుకున్నాయి. పోస్టుమాన్ నా మెట్ల మీద కాలుపెట్టి గేటు దగ్గర లేచాడు. దారిలో మూడు ఇళ్ల ఉత్తరాలు ఇచ్చేశాడట.

*

యూమా
26 డిసెంబరు

లొరెట్టా గారికి,

మీ వాకిట్లో నీళ్లు పొంగాయని వెండెల్ రాస్తే గొట్టమే పగిలిందనుకున్నాను. పొంగడం వేరు, గడ్డకట్టడం వేరు. ఈసారికి వదిలేస్తున్నాను. పశువుల సంగతి మాత్రం వదలను. తొమ్మిదో నియమం ప్రకారం పార్కులో పశువుల్ని పెంచకూడదు. మీరు ఆ జింకలకు పేర్లు కూడా పెట్టారట!

గడ్డి తీసేసి రేకులు కట్టండి. నీళ్ల పంపు ఉన్న అరలో, కోడిపిల్లలకు వెచ్చదనానికి పెడతారే, ఆ దీపం ఒకటి వేలాడదీయండి.

ఇట్లు,
ఆర్విన్ టోల్లెఫ్సన్

తా.క. దీపం కాస్త పెద్దదే కొనండి.

*

యూమా
17 జనవరి 1987

ప్రూయెట్ గారికి,

కుశలం అడిగే ఓపిక లేదు. వెండెల్ ఉత్తరం నా ముందుంది. మీ ట్రైలరుకు ఎర్ర దీపం వెలుగుతోందట. తెల్లవారుతూనే మగవాళ్లు మీ గుమ్మం ముందు వరస కడుతున్నారట. తల వంచుకుని వస్తారట, నవ్వుతూ వెళ్తారట. మాది పరువుగల పార్కు! ఫిబ్రవరి ఒకటికల్లా ఖాళీ చెయ్యండి.

ఆర్విన్ టోల్లెఫ్సన్

తా.క. ఆ వరసలో పాస్టర్ గారు కూడా ఉన్నారట. నిజమేనా?

*

బీవర్ బెండ్
26 జనవరి

టోల్లెఫ్సన్ గారికి,

నిజమే. రెండు బకెట్లతో వస్తారు, ఆయన ఇంట్లో పిల్లలు ఎక్కువ.

కోడిపిల్లల దీపం ఎర్రగానే ఉంటుందండీ. పెద్దది కొనమన్నది మీరే. క్రిస్మస్ దాటాక సున్నాకి ముప్పై డిగ్రీలు కిందికి పడిపోయింది. పార్కులో అందరి గొట్టాలూ గడ్డకట్టాయి, నాది తప్ప. అందరికీ నీళ్లు నా కుళాయి దగ్గరే. మీకు తెలిస్తే వెళ్లగొడతారని ఎవరూ నోరు విప్పలేదు. చేతిలో బకెట్లున్న సంగతి వెండెల్ ఎందుకు రాయలేదంటారా? వరసలో మొదటి బకెట్టు అతనిదే. నాకు మాత్రం అందరూ మెచ్చుకుంటుంటే గర్వంగానే ఉంది.

ఇక అసలు విషయం. బుధవారం పార్కులోని మీ ఇంటి వంటగది కిటికీలోంచి నా పొడవున మంచు కడ్డీ వేలాడుతుంటే చూశాను. తాళం తీయించి లోపలికి వెళ్లాం. వెళ్లే ముందు మీరు నీళ్లు కట్టెయ్యలేదు, గొట్టాలు ఖాళీ చెయ్యలేదు. దీపం కింద చీకటి అంటే ఇదే. గొట్టం పగిలి మీ సోఫా మంచుగడ్డలో బిగుసుకుపోయింది. నీళ్లు కట్టేశాం, మీ కుర్చీలు, పెళ్లి ఫోటో బయటికి తెచ్చి నా దీపం దగ్గర ఆరబెట్టాం. వెండెల్ రెండు రోజులు మంచు పగలగొట్టాడు. ఈ సంగతి మీకు రాశాడా?

మీ కాగితం ఇంకా గేటుకే ఉంది. దాని ప్రకారం మేమందరం వెళ్లిపోవాలి, మీతో సహా. పార్కంతా కూర్చుని మాట్లాడుకున్నాం. మీరు చింపేస్తే మేమూ మరిచిపోతాం.

ఇట్లు,
లొరెట్టా ప్రూయెట్,
ఇప్పటికీ ఏడో నంబరే

తా.క. చింపనంటారా? మీకు వారం గడువు. మా చెల్లెలి సోఫా ఖాళీగానే ఉంది, మీ సంగతి చెప్పి ఉంచాను. రెండో పాట మొదలుపెట్టిందట.