పిచ్చుక జాన

జూన్ 4

పిచ్చుకా, నువ్వు పోయాక ఇవాళే నీ కంప్యూటర్ తెరిచాను. నాకోసం చేస్తున్నానన్న ప్రోగ్రాం అందులోనే ఉంది. నేను కుట్టే సంచులు కొనేవాళ్లు సెంటీమీటర్లలో అడుగుతారు, నాకేమో చేత్తో కొలవడమే వచ్చు. ఆ లెక్క అది చూసుకుంటుందన్నావు కదా. తెర మీది పెట్టెలో జానా బెత్తెడు అని కొట్టాను. చుట్టూ ఎర్రగీత వచ్చింది. అలిగి మూతి ముడుచుకున్నట్టు.

జూన్ 5

మళ్లీ ఎర్రగీతే. ఎందుకబ్బా?

జూన్ 9, మధ్యాహ్నం

నీతో పనిచేసిన కళ్లజోడు పిల్లను పిలిపించాను. ఆంటీ, తను కన్వర్టర్ రాసిందిగానీ రిజిస్టర్ చేయలేదు అంది. అదేంటే అన్నాను. పెట్టెలో మనం కొట్టేవి మాటలు, లోపల కావాల్సినవి అంకెలు. మాటల్ని అంకెలుగా, అంకెల్ని మళ్లీ మాటలుగా మార్చేదే కన్వర్టర్ అట. అది గుమ్మం బయటే నిలబడి ఉందట, దాని పేరు ప్రోగ్రాంని నడిపే టూల్‌కిట్‌కు ఎవరూ చెప్పలేదట. చెప్పకపోతే ఎలా పిలుస్తుంది అంది. దానికి నోరు లేదా, వచ్చానని అదే చెప్పుకోవచ్చుగా అన్నాను. పడీపడీ నవ్వింది. చాన్నాళ్లకు ఈ ఇంట్లో నవ్వు వినపడింది.

ఒక్క లైను రాసింది, జాన వస్తే ఈ కన్వర్టర్‌ని పిలువు అని. ఎర్రగీత పోయింది, అంకె వచ్చింది!

జూన్ 11

అంకె తప్పు. కొనేవాళ్లు అడిగిన సెంటీమీటర్లు కొట్టి, అది చెప్పినన్ని జానలు పెట్టి కుడితే సంచి పెద్దదైంది.

జూన్ 12

కళ్లజోడు పిల్లకు ఫోన్ చేశాను. లోపల జాన పద్దెనిమిది సెంటీమీటర్లని ఉందట. నాది ఇరవై. మార్చేయనా ఆంటీ, నిమిషం పని అంది. ఆగవే తల్లీ అన్నాను. పిచ్చుకా, నువ్వు ఊరికే ఏ అంకె పడితే అది పెట్టేదానివి కాదు. ఆ పద్దెనిమిది ఎవరిదో చూద్దామని పక్కింటావిడ చెయ్యి కొలిచాను, పందొమ్మిది. బాగానే ఉంది నీ వరస, రేపు కాళ్లు కూడా కొలుస్తావా అని ఎగతాళి చేసింది.

జూన్ 13, పొద్దున్న ఏడు

ఆ పిల్లే ఫోన్ చేసింది. గుర్తొచ్చింది ఆంటీ అంది. ఆఫీసులో స్కేలు మీద చెయ్యి చాపి కొలుచుకున్నావట. ఇప్పటికి నాది పెడతాను, ఇంటికెళ్లి అమ్మ చెయ్యి కొలిచాకే రిజిస్టర్ చేస్తాను అన్నావట. ఆ సాయంత్రమే కదే నువ్వు ఇంటికి రాలేదు.

అంటే ఆ పద్దెనిమిది నీ చెయ్యి.

మార్చొద్దు, ఆర్డర్లు పోతే పోయాయి అన్నాను. ఏడవకండి ఆంటీ అని తనే ఏడ్చింది.

జూన్ 16

కళ్లజోడు పిల్ల ఇంటికొచ్చింది. ఒక రకం కొలతకు ఒక్క కన్వర్టరేనట, అదే రకానికి ఇంకొకటి రిజిస్టర్ చేస్తే పాతది పోతుందట. అందుకే కొత్త రకం ఒకటి పుట్టిద్దాం, పేరు చెప్పండి అంది. జాన అంటే నా చెయ్యి. పిచ్చుక జాన అంటే నీది. రెండూ రిజిస్టర్ అయ్యాయి.

జూన్ 20

పెట్టెలో ఒక పిచ్చుక జాన అని కొట్టాను. పద్దెనిమిది అంది. టేపు పరిచి ఆ పద్దెనిమిది మీద నా చెయ్యి ఆనించాను. కాసేపు అలాగే ఉంచాను.

ఎక్కడున్నా కడుపునిండా తిను, పిచ్చుకా.