నాలుగు దారులూ ఒకే మడికి
1968, శ్రావణ మంగళవారం

చదువు లేనివాడినని మా తమ్ముడు పాతికేళ్లుగా నన్ను పదిమందిలో పలచన చేస్తూనే ఉన్నాడు. ఇప్పుడు వాడి కొడుకు మొదలెట్టాడు. కలకత్తాలో కంప్యూటరు మిషనుకు పని చెప్పడం నేర్చుకుంటున్నాడు కదా, సెలవుల్లో వచ్చి అదే పద్ధతిలో చెరువు నీళ్ల వంతుల కాగితం రాశాడు. పెద్దలంతా తలూపారు.

నేను కూడబలుక్కుని చదివాను. వాన పడితే ముందు తమ్ముడి మడికి. పడకపోతే, చెరువు నిండి ఉంటే తమ్ముడి మడికే. నిండకపోతే, నారు ఎండుతుంటే మళ్లీ వాడికే. ఎండకపోయినా వాడికే! ఒక్కో దారికి ఒక్కో చీపురుపుల్ల పేర్చి చూశాను. నాలుగూ వాడి గట్టుకే చేరాయి.

"ఒరే, ఇన్ని 'అయితే'లు ఎందుకురా? మీ నాన్నకే ముందని ఒక్క ముక్క రాస్తే సాలదా?" అన్నాను.

"నీకు తెలీదు పెదనాన్నా. మిషనుకి అన్నీ ఇడమర్సి సెప్పాల," అని నవ్వాడు.

"మిషను సంగతి నాకేటి? నా మడి సంగతి సెప్పు!"

అక్కడ నా నారు పసుపెక్కుతోంది. శుక్రవారం చెరువు మదుము తలుపు ఎత్తి నీళ్లొదులుతారు. గురువారం పొద్దుగూకేలోగా నా మడికి ముందు నీళ్లొచ్చే 'అయితే' ఆ కాగితంలో ఒక్కటి ఆ కుర్రాడు నాకు చూపించాలి. లేదా, అది ఎవరి కోసం రాశాడో పదిమందిలో చెప్పాలి.