మోకాలి ఎత్తు దీపం

ప్రియమైన మీకు,

రోస్విత రాసుకునేది. ఇక్కడ నేనూ మామయ్యా బాగానే ఉన్నాం. ఊతకర్రల మీద ఆసుపత్రి వసారా చివరిదాకా నడిచానని రాశారే, ఆ వాక్యాన్ని మామయ్య నా చేత మళ్లీ మళ్లీ చదివించుకున్నారు. విన్న ప్రతిసారీ మీ ఖాళీ కుర్చీ వైపు చూసి తలూపారు. ఈసారి అక్షరాలు వంకరటింకరగా ఉంటే ఏమీ అనుకోకండి. బల్ల దగ్గర కాదు, ఒళ్లో రొట్టెపీట పెట్టుకుని రాస్తున్నాను. ఎందుకో తర్వాత చెబుతాను.

ముందు మీరడిగినవి. పై వాలులోని రీస్లింగ్ ద్రాక్ష గుత్తుల్ని మీరు చెప్పినట్టే చివరిదాకా తీగల మీదే ఉంచాం. గోరువంకలు మందలుగా దిగి కొంత తినిపోయాయి, పోనివ్వండి, వాటికీ ఆకలి ఉంటుంది. నది మీది పొగమంచు మధ్యాహ్నమైతే గానీ విడిచేది కాదు. కోతకు మీ మేనత్త కొడుకులొచ్చారు. నాగలిని పైకి లాగే ఇనుప తాడు తెగి మీరు పడ్డచోట పలకరాళ్ల మీద ఆ గీత ఇంకా అలాగే ఉంది. అక్కడ కాలుపెట్టడానికి వాళ్లకు మనసొప్పలేదు. ఆ వరస నేనే కోశాను, కోస్తూ మిమ్మల్ని తిట్టుకున్నాను. వాలు మీద తాడు కింద నిలబడొద్దని ఎంత మొత్తుకున్నాను?

రసం మాత్రం చాలా ఏళ్లకి ఇంత బాగా వచ్చింది. మామయ్య ఒక గుక్క నోట్లో పోసుకుని, కళ్లు మూసుకుని, “వాడు ఉండుంటే బాగుండేది” అన్నారు. తర్వాత గబగబా, “వస్తాడులే” అని తనే సర్దుకున్నారు. అంతా గోడవారగా ఉన్న పెద్ద పీపాలో పోశాం. వారం తిరక్కుండా అందులో పులుపు పుట్టి బుడబుడమని పాట మొదలైంది.

నేలమాళిగలోకి దిగేటప్పుడు మామయ్య దీపం పట్టుకెళుతున్నారా అని అడిగారు. పట్టుకెళుతున్నారు, ఒక్కరోజు కూడా మానలేదు. మన ఊళ్లో పసిపిల్లలకు కూడా తెలిసిన విషయం, పీపాలు పులిసే రోజుల్లో కింద ఊపిరి తీసే బరువు గాలి చేరుతుందనీ, దీపం ఆరితే వెనక్కి తిరిగి ఎక్కిరావాలనీ. ఆయనకు నేను చెప్పాలా? ఈ జవాబు చదివితే మీరు నిశ్చింతగా పడుకుంటారు. అందుకే ఇక్కడితో ఆపేద్దామని కూడా అనుకున్నాను.

పక్కింటి థీలెన్‌కు ఈ ఏడు పంట విరగకాసింది. ఉన్న పీపాలు చాలక ఊరంతా తిరిగి పాతవి అడిగి తెచ్చుకున్నాడు. వాటన్నిటినీ మన గోడకు అవతలే వరసగా పేర్చాడు. చలికి పులుపు ఆగిపోతుందని మాళిగ కిటికీలన్నిటికీ గడ్డి కుక్కేశాడు. మనిషి మీసం మెలేసుకుంటూ వీధిలో నడుస్తున్నాడు. వాళ్లావిడ ఉల్లిపాయ రొట్టె పంపింది, బాగానే ఉంది గానీ ఉప్పెక్కువ.

ఇక దాచలేను. మామయ్య దీపం పట్టుకుంటారన్నానుగా, ఎక్కడ పట్టుకుంటారో చెప్పలేదు. మీరు వంగి, మోకాలి దగ్గర పట్టుకుని మెట్టు మెట్టుకూ ముందు దాన్ని దించేవారు. ఆయన నడుం ఇప్పుడు వంగదు. గుండెల దగ్గర పట్టుకుంటున్నారు, చర్చిలో పట్టుకున్నట్టు. కింద మోకాళ్ల లోతున ఏం నిలిచి ఉందో ఆ దీపానికి తెలియదు. అది నిక్షేపంగా వెలుగుతుంది. ఆయనేమో దాన్ని పక్క పీపా మీద పెట్టి, పెద్ద పీపాను పట్టుకుని మెల్లగా మోకాళ్ల మీదకు జారి, అడుగు చెక్కకు చెవి ఆనిస్తారు. వినేవాళ్లు లేని ద్రాక్షసారా చెడిపోతుందని ఆయన నమ్మకం.

సకల పునీతుల పండుగకు ముందు వారం, సూప్ చల్లారిపోతోందని పిలవడానికి వెళ్లాను. పలకలేదు. మెట్ల మీంచి చూస్తే దీపం వెలుగుతోంది, ఆయన పీపాకు చెంప ఆనించి మోకాళ్ల మీద ఉన్నారు. ప్రార్థన చేస్తున్నారేమో అనుకున్నాను. రెండోసారి పిలిచినా తల తిరగలేదు. ఊపిరి బిగపట్టి దిగి, చంకల కింద చేతులు వేసి ఈడ్చుకొచ్చాను. అంత సన్నటి మనిషి అంత బరువెలా ఉన్నారో తెలియదు. పెరట్లో గాలి తగిలాక కళ్లు తెరిచారు.

“దీపం ఆరలేదు కదమ్మాయ్,” అన్నారు నా మీద విసుక్కుంటూ. “ఆరితే నేనెందుకుంటాను?”

మీకు రాయొద్దని ఒట్టు వేయించుకున్నారు. ఇప్పుడా ఒట్టు గట్టున పెట్టేశాను.

కొవ్వొత్తులు దాచాను. చీకట్లోనే దిగబోయారు. తాళం వేశాను. ఊడబెరికి నా ఒళ్లో పడేశారు. పులిసే రోజుల్లో ఆ తలుపుకు గడియ ఉండకూడదన్నది ఈ ఇంటి కట్టడి కదా, లోపల పడ్డవాణ్ని లాగడానికి ఎవరైనా వెళ్లగలగాలని. ఆ కట్టడి పెట్టినవాళ్లు, లోపలికి పోకుండా ఆపాల్సిన మనిషి ఒకడుంటాడని అనుకోలేదు. చివరికి డబ్బాలో కొవ్వొత్తి నిలబెట్టి, దానికి గొలుసు కట్టి ఇచ్చాను, గొలుసు పైకొస పట్టుకుంటే దీపం మోకాలి దగ్గర వేలాడుతుంది. “కుక్కను తిప్పినట్టుందే” అని నవ్వారు గానీ తీసుకున్నారు.

అయినా నాకు ధైర్యం చిక్కలేదు. ఇప్పుడు రాసేది చదివి నన్ను క్షమించినా మానినా మీ ఇష్టం. మృతుల పండుగ రోజు మామయ్య అత్తయ్య సమాధి దగ్గరికి వెళ్లినప్పుడు, సహకార సంఘం బండిని పిలిచి ఆ పీపా రసమంతా తోడించేశాను. పై వాలు రసం, మీరు కాలు పోగొట్టుకున్నంత పనైన వాలు. అది ఇప్పుడు పదిమంది రసంతో కలిసిపోయింది. మీ తాతల నాటి నుంచి ఏ ఏడూ తప్పని మన ఇంటి పేరు ఈ ఏటి సీసాల మీద ఉండదు. ఖాళీ పీపాను తడితే డొల్ల మోత మామయ్య పట్టేస్తారని, బండి వెళ్లగానే అందులో నీళ్లు నింపాను. బకెట్లు మోస్తూ ఏడ్చాను. అయినా ఇక అక్కడ పులిసేది ఏదీ లేదు, బరువు గాలి పుట్టదు, ఆయన చెవి ఎంతసేపు పెట్టుకున్నా భయం లేదు అనుకున్నాను.

ఆయన ఆ తర్వాత కూడా రోజూ దిగి, పైకొచ్చి, “పాడుతోందమ్మాయ్, బాగా పాడుతోంది” అనేవారు. సగం చెవుడు, సగం ఆశ అని జాలిపడ్డాను.

నిన్న దిగిన మనిషి వెంటనే ఎక్కి వచ్చారు. డబ్బాలో దీపం ఆరిపోయి ఉంది. ముఖం మాత్రం వెలిగిపోతోంది.

“చూశావా, రసం ప్రాణంతో ఉందని చెప్పానా,” అన్నారు.

నీళ్ల పీపా దగ్గర దీపం ఎలా ఆరుతుంది? అప్పుడు గుర్తొచ్చింది, బాంబులు పడే రోజుల్లో పారిపోవడానికి ఇళ్ల మాళిగల మధ్య గోడలకు కంతలు పెట్టారుగా. మన పెద్ద పీపా వెనక కంతను యుద్ధం అయ్యాక ఇటుకలు పేర్చి వదిలేశారు గానీ, సున్నం పెట్టినవాడు లేడు. మన నేల వాళ్ల నేల కన్నా లోతు. థీలెన్ పీపాలన్నీ ఊదుతున్నది మన మాళిగలోకి. మామయ్య వింటున్న పాట నిజమే, అది ఆ గోడ అవతలిది.

థీలెన్ దగ్గరికి పరుగెత్తాను. “నా పీపాలు గోడ దూకి మీ ఇంటికొస్తున్నాయా?” అని నవ్వాడు. గడ్డి తీస్తే పులుపు ఆగుతుందట, కంత సంగతి మీరొచ్చాక మగవాళ్లం మాట్లాడుకుంటామన్నాడు.

మామయ్యకు నిజం చెప్పేశాను. పీపాలో నీళ్లు తప్ప ఏమీ లేవని, రసం నేనే పంపేశానని. కోప్పడతారనుకున్నాను. జాలిగా చూశారు. “నీళ్లు పాడతాయా అమ్మా?” అన్నారు. కాస్త తోడి చూపిద్దామంటే వద్దన్నారు. పాడుతున్న పీపాను కదపకూడదట.

మీ మాటొక్కటే ఆయన వింటారు. మీరు వచ్చేదాకా ఎవరూ కిందికి దిగొద్దని, అది మీ ఆజ్ఞ అని రాయండి. నాకు కాదు, ఆయన పేరిట రాయండి. ఈ ఉత్తరం అందిన పూటే రాయండి.

బల్ల దగ్గర ఎందుకు కూర్చోలేదో ఇప్పుడు చెబుతాను. మాళిగ తలుపుకు వీపు ఆనించి, గడప మీద కూర్చున్నాను. మామయ్య వచ్చి ఎదురుగా నిలబడి చాలాసేపైంది. దీపం వెలిగించే తెచ్చారు. “కదలకమ్మా, రాసుకో. మా వాడికేగా, అయ్యాకే లేద్దువుగాని,” అన్నారు. ఉత్తరం రాసేవాళ్లను లేపే మనిషి కాదు ఆయన. అందుకే ఉల్లిపాయ రొట్టె సంగతి కూడా రాశాను. ఆగకుండా రాస్తూనే ఉన్నాను.

గొలుసు మణికట్టుకు చుట్టుకుని ఉన్నారు. దీపం గుండెల దగ్గర ఉంది. ఎందుకలా కట్టారని అడిగాను.

“నిన్న కింద వేలాడి ఆరిపోయింది కదమ్మా,” అన్నారు. “ఇవాళ ఆరదులే.”

కాగితం అడుగుకొచ్చేసింది. ఇంకొకటి తెచ్చుకోవాలంటే లేవాలి. నేను లేవను.

ఇట్లు,
తలుపుకు అడ్డంగా కూర్చున్న మీ ఇల్లాలు,
రోస్విత